మార్చి పన్నెండు నాటి మంచు

ఆ ఉదయం సిగ్నే కాఫీ సగంలోనే వదిలేసి యూనివర్సిటీకి బయల్దేరింది. పదింటికి థీసిస్ మీద చర్చ. అది గట్టెక్కితే మాస్టర్స్ పట్టా, పట్టా చేతికొస్తే జులైలో పురపాలక నీటి విభాగంలో ఉద్యోగం. లేదంటే రెండేళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

పరీక్షించడానికి ప్రొఫెసర్లు చాలరన్నట్టు, తోటి విద్యార్థి ఒకరు ప్రత్యర్థిగా కూర్చుని అందరి ముందూ తప్పులు ఎంచాలి. సరిగ్గా ఎంచనివాడికి తన పట్టా రాదు. సిగ్నేకు ప్రత్యర్థిగా పడ్డవాడు ఎస్కిల్. ఆమె ఏ సరస్సు నీటిమీద థీసిస్ రాసిందో, ఆ గట్టునే పుట్టి పెరిగినవాడు.

ఆమె చేసిన తప్పు చిన్నది కాదు. ఆ చలికాలం ఆరుసార్లు గడ్డకట్టిన సరస్సు మధ్యకి నడిచి, మంచు తొలిచి, పరీక్షకు నీళ్లు తీయాలి. ఐదుసార్లు వెళ్లింది. ఆరోసారికి జ్వరమొచ్చి బస్సెక్కలేదు. ముందటేడాది అంకెల్ని అటూ ఇటూ సవరించి, మార్చి పన్నెండని తేదీ వేసి పట్టికలో ఎక్కించేసింది. ఒక్క వరుసే కదా, ఎవరు చూడొచ్చారులే అనుకుంది. గైడ్ బెరిట్ మాత్రం మొదటి రోజే చెప్పింది: "ఈ పట్టా నీకు బోలెడు తెలుసని ఇచ్చేది కాదమ్మా. ఎవరూ చూడకపోయినా ఉన్నదే రాస్తావని ఇచ్చేది."

క్యాంటీన్‌లో ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టించే ఎస్కిల్ ఆ రోజు చర్చలో నవ్వలేదు. గంటసేపు మెత్తమెత్తగా అడిగాడు. పటాలు బాగున్నాయని మెచ్చుకున్నాడు కూడా. మెచ్చుకున్నకొద్దీ సిగ్నేకు భయం ఎక్కువైంది. అతని ముందున్న ప్రతిలో ఒకే ఒక్క పేజీకి పసుపు చీటీ అంటించి ఉంది. ఆమె చూపు దాని మీదనుంచి కదల్లేదు.

ఆఖరికి ఆ పేజీ తిప్పాడు.

"మార్చి పన్నెండున నువ్వే వెళ్లావా?"

"నేనే," అంది సిగ్నే.

"మంచు ఎంత మందం ఉంది?"

"నలభై సెంటీమీటర్లు. రాశానుగా."

"దాని మీద నడిచే సరస్సు మధ్యకి వెళ్లావు."

"వెళ్లాను."

ఎస్కిల్ కలం పక్కన పెట్టాడు.

"తొమ్మిదో తారీఖున మంచు విరిగి మా అన్న మంచు మీద నడిపే స్కూటరుతో సహా మునిగిపోయాడు. పన్నెండున మేం పడవలేసుకుని వెతుకుతున్నాం. ఆ రోజు అక్కడ మంచే లేదు సిగ్నే."

మార్చిలో అతను రెండు వారాలు తరగతికి రాలేదు. ఇంటి విషయమన్నాడు. ఏమైందని ఎవరూ అడగలేదు, ఇక్కడ ఒకరి ఇంటి సంగతి ఇంకొకరు అడగరు. సిగ్నే కూడా అడగలేదు.

బెరిట్ థీసిస్ మూసి, మిగిలిన వాళ్లను బయటికి వెళ్లమంది.