పేరు పెట్టకూడని కుందేలు

యెర్కా ఇంట్లో ఒక నియమం ఉంది. తినబోయేదానికి పేరు పెట్టకూడదు.

దీని వెనక ఒక కోడిపుంజు కథ ఉంది. కొడుకు ఫ్రానె చిన్నప్పుడు, పండక్కని తెచ్చిన పుంజుకి కెప్టెన్ అని పేరు పెట్టాడు. క్రిస్మస్ నాడు కెప్టెన్ ఎర్రగా వేగి, కడుపునిండా మసాలాతో బల్ల మీదికి వచ్చాడు. ఎవరూ ఫోర్కు ముట్టలేదు. యెర్కా భర్త ఓడలో వంటవాడు. ఎన్ని కోళ్లు కోశాడో ఆయనకే తెలీదు. ఆయన కూడా కళ్లు తుడుచుకుంటూ లేచి వెళ్లిపోయాడు. కెప్టెన్‌ని మసాలాతో సహా చర్చి వెనక నిమ్మచెట్టు కింద పాతిపెట్టి, ఆ పూటకి ఉడకేసిన బంగాళాదుంపలు తిన్నారు.

అందుకే ఈ ఏడు ఫ్రానె బతికున్న కుందేలుని అట్టపెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చినప్పుడు ఆమె అన్న మొదటి మాట ఇది.

"దీనికి పేరు పెట్టావంటే నిన్నూ దాంతోపాటే ఓవెన్‌లో పెడతా."

ఫ్రానెకి నలభై దాటాయి. స్ప్లిట్ ఊరి రేవులో, దీవులకెళ్లే ఓడల టిక్కెట్లు అమ్ముతాడు. ఇనప గుండ్లు దొర్లించి ఆడే ఆటల క్లబ్బు వాళ్లు తీసిన లాటరీలో అతనికి రెండో బహుమతిగా ఆ కుందేలు తగిలింది. మొదటి బహుమతి పంది తొడ. అది ప్రతి ఏడూ తగిలినట్టే క్లబ్బు అధ్యక్షుడికి తగిలింది.

కుందేలుని అద్దాల బాల్కనీలో, నారింజపళ్లు వచ్చిన చెక్కపెట్టెలో పెట్టారు. యెర్కా వెళ్లి మాంసంలో వాసన కోసం వేసే రోజ్‌మేరీ రెమ్మలు కొనుక్కొచ్చి గుమ్మానికి వేలాడదీసింది. తండ్రి ఇప్పుడు లేడు కాబట్టి కోసే పని ఫ్రానెది. ఫ్రానె రక్తం చూస్తే పడిపోతాడు. ఒకసారి మందుల షాపులో ఎవరికో ముక్కు నుంచి రక్తం కారితే ఇతన్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. ఆ సంగతి తల్లికి తెలుసు. అలవాటైతే అదే పోతుందని ఆమె వాదన.

ఆ ఇంట్లో అసలు యజమాని పేరు అడ్మిరల్. పసుపురంగు గండుపిల్లి. ఇల్లంతటికీ వెచ్చని చోటు ఒకటే, ముందుగదిలో హీటరు పైభాగం. చలి మొదలవగానే అడ్మిరల్ దాన్ని ఎక్కితే వసంతానికే దిగుతాడు, మధ్యలో ఒక్క అవమానం తప్ప. ఆ అవమానం పేరు గోధుమ.

డిసెంబరు పదమూడున, సెయింట్ లూసీ పండగనాడు మా పేటలో ప్రతి ఇంట్లో పళ్లెంలో గోధుమలు చల్లి తడుపుతారు. క్రిస్మస్ నాటికి పచ్చగా మొలుస్తుంది. ఎంత దట్టంగా, ఎంత నిటారుగా మొలిస్తే ఆ ఇంటికి వచ్చే ఏడు అంత బావుంటుంది. పండగ ముందురోజు పొద్దున్నే ఆడవాళ్లంతా పళ్లేలు చర్చికి మోసుకెళ్తారు. అన్నిటికన్నా బావున్నది పశువులశాల బొమ్మల్లో బాలయేసు పాదాల దగ్గర పెడతారు. మిగతావి వెనక, ఒంటెల దగ్గర.

యెర్కా పళ్లెం నిరుడు ఒంటెల దగ్గరికి వెళ్లింది. హీటరు మీద పెట్టి తొందరపెట్టడం వల్ల మొలకలు బారుగా సాగి, పెళ్లిలో తాగిన మగాళ్లలా ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. పాదాల దగ్గరి చోటు కింది అంతస్తు నెదిల్కాకి దక్కింది. చర్చి పాటల బృందంలో ముందు వరసలో నిలబడే మనిషి. యెర్కా పళ్లెం చూసి ఆమె మెల్లగా, అందరికీ వినపడేంత మెల్లగా, "నీ గోధుమకి నిద్రొస్తున్నట్టుంది వదినా, దుప్పటి తెచ్చి కప్పనా?" అంది.

ఆ మాటని యెర్కా ఏడాది పొడుగునా నమిలింది. అయినా ఈసారీ పళ్లెం హీటరు మీదే పెట్టింది. అడ్మిరల్‌ని మెడపట్టి దింపింది.

చోటు పోయిన పెద్దమనిషి ఏం చేస్తాడు? తనకన్నా హీనస్థితిలో ఉన్నవాణ్ణి చూడ్డానికి వెళ్తాడు. అడ్మిరల్ బాల్కనీలోకి వెళ్లి చెక్కపెట్టె ముందు కూర్చున్నాడు.

"నువ్వేమిటో తెలుసా?"

"తెలీదు సార్," అంది కుందేలు.

"రోస్టు."

కుందేలు చెవులు నిక్కబొడుచుకున్నాయి. పుట్టాక దాన్ని ఎవరూ ఏమీ పిలవలేదు. రోస్టు, రోస్టు అని రెండుసార్లు లోపల అనుకుని చూసుకుంది.

"బావుంది సార్. థాంక్స్. మరి మీ పేరేంటి?"

అడ్మిరల్ తోక సర్దుకున్నాడు. పేరు చెప్పి వచ్చేశాడు. సంగతి అక్కడితో అయిపోవాల్సింది. కానీ ఆ సాయంత్రం కొండల మీంచి బూరా గాలి దిగింది. మా ఊళ్లో బూరా వీస్తే బట్టలే కాదు, బట్టలారేసిన తీగలూ పోతాయి. హీటరు మీద గోధుమ హాయిగా ఉంది. అడ్మిరల్ హాయిగా లేడు. చెక్కపెట్టెలో మాత్రం ఊపిరి తీసుకునే వెచ్చని బొచ్చు ఒకటుందని అతనికి గుర్తొచ్చింది. గొళ్లెం పైకి తొయ్యడం అతనికి చిన్న పని. ఫ్రిజ్ తెరిచిన చెయ్యి అది.

"ఇది స్నేహం కాదు," అన్నాడు, రోస్టు పక్కన ముడుచుకుంటూ. "హీటరు ఏర్పాటు."

"అలాగే సార్."

ఏర్పాటు కొనసాగింది. అందులో ఒక చిక్కుంది. రోస్టు కథలు వింటాడు. అడ్మిరల్ ఒక సముద్రపు కాకిని చావగొట్టిన వైనం మూడుసార్లు విన్నాడు. నిజానికి ఆ కాకి అడ్మిరల్ నోట్లోంచి చేప లాక్కుపోయింది. ఆ ఇంట్లో అడ్మిరల్ మాట అంతసేపు విన్నవాడు మరొకడు లేడు.

"సార్, పండక్కి నేనేం చెయ్యాలి?" అని అడిగాడు రోస్టు ఒకరోజు.

"బల్ల మధ్యలో ఉంటావు."

"అంత మర్యాదా!"

అడ్మిరల్ గుమ్మానికి వేలాడుతున్న రోజ్‌మేరీ వైపు చూసి, మాట మార్చాడు. పండగ తర్వాత చలి ఇంకా చాలా రోజులుంటుంది. ఆ చలిలో ఈ పెట్టె ఖాళీగా ఉంటుంది. అది అతనికి నచ్చలేదు. దాన్ని జాలి అంటే గోళ్లు బయటికి తీసేవాడు.

పండగ ముందురోజు పొద్దున యెర్కా ఆకుకూర కోసం బజారుకి వెళ్లింది. ఫ్రానె స్నానానికి వెళ్లాడు. వంటింట్లో నానేసిన ఎండుచేప నీళ్లు తాగినందుకు అడ్మిరల్ కడుపులో తిప్పుతోంది. పిల్లికి కడుపు బాగోకపోతే గడ్డి కావాలి. ఇంట్లో ఉన్న గడ్డి ఒకటే. తేరుకుని చూసేసరికి పళ్లెంలో ఒక పక్క మొత్తం పోయింది. మంగలి మధ్యలో వదిలేసి పారిపోయిన తలలా ఉంది.

అడ్మిరల్ గబగబా మూతి తుడుచుకున్నాడు. నిరుడు రెండు మొలకలు కొరికినందుకే ఆమె అతన్ని బూరాలో డాబా మీదికి నెట్టి తలుపేసింది.

వెనకాల చిన్న చప్పుడైంది. అడ్మిరల్ గొళ్లెం తీసి వదిలేసిన పెట్టెలోంచి రోస్టు వచ్చి పళ్లెం వైపు చూస్తున్నాడు.

"మీరు జరగండి సార్. ఈ పని నాకొచ్చు."

"దొరికావంటే నింద నీమీదికే వస్తుంది. ఈ పూటే నిన్ను..." అని అడ్మిరల్ ఆగిపోయాడు.

"మిమ్మల్ని చలిలో బయట పెడతారు కదా సార్," అన్నాడు రోస్టు.

చెప్పుల పెట్టె ఎక్కాడు, స్టూలు ఎక్కాడు, ముందుకాళ్లు హీటరు మీద పెట్టాడు. ఎత్తుగా ఉన్న పక్కని పొట్టిగా ఉన్నదాని ఎత్తుకి కొరుక్కుంటూ పోయాడు. వరస తర్వాత వరస, తలెత్తకుండా. చివరి మొలక నోట్లో ఉండగా తాళం తిరిగింది.

అడ్మిరల్ సోఫా కిందికి దూరాడు. స్నేహం కాదని అతను ముందే చెప్పాడు కదా.

యెర్కా సంచీ వదిలేసి కుందేలు చెవులు పట్టుకుంది. తిట్టడానికి నోరు తెరిచింది. ఆ నోరు అలాగే ఉండిపోయింది. పొద్దున్నదాకా నిరుడులాగే వాలి ఉన్న పళ్లెంలో ఇప్పుడు ఒక్క మొలకా వాలి లేదు. బరువు తగ్గేసరికి అన్నీ లేచి నిలబడ్డాయి. కొత్త బ్రష్షులా దట్టంగా, బల్లచెక్కలా సమంగా ఉంది గోధుమ. ఇలాంటిది ఆమె చూడలేదు. నెదిల్కా కూడా చూసి ఉండదు.

గోధుమకి ఎర్రటి రిబ్బను కట్టింది. కుందేలుని పెట్టెలో పడేసి గొళ్లెం వేసింది. కోటు తొడుక్కుంటూ కొడుక్కి చెప్పింది.

"నేను చర్చికెళ్లి వచ్చేలోపు ఆ పని కానిచ్చెయ్యి."

ఉపకారం చేసినవాడి పట్ల ఆమె కృతజ్ఞత అంతవరకే వెళ్లింది.

ఫ్రానె కత్తి సానబెట్టడం మొదలుపెట్టాడు. సానబెట్టినంతసేపు కొయ్యక్కర్లేదు కాబట్టి చాలాసేపు పెట్టాడు. మధ్యలో ధైర్యం కోసం మూలికల సారా ఒక గ్లాసు పోసుకున్నాడు. ధైర్యం రాలేదని ఇంకో గ్లాసు.

చర్చిలో ఫాదర్ లోవ్రె యెర్కా పళ్లెం చూసి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నేరుగా బాలయేసు పాదాల దగ్గర పెట్టాడు. నెదిల్కా పళ్లెం ఒంటె పక్కకి వెళ్లింది. ఆమె ప్రార్థనకి అన్నట్టు మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, యెర్కా గోధుమని దగ్గర్నుంచి చూసింది.

"కత్తెర," అంది.

చర్చిలో తలలన్నీ ఇటు తిరిగాయి. మా పేటలో పండగ గోధుమకి ఇనుము తగలకూడదు. తగిలితే ఆ ఇంటి అదృష్టమే కాదు, పేట మొత్తానిది తెగిపోతుందని నమ్మకం. కొసలన్నీ సమంగా తెగి ఉన్నాయని, దేవుడు గోధుమని స్కేలు పెట్టి మొలిపించడని నెదిల్కా చుట్టూ ఉన్నవాళ్లకి వివరించింది.

"కత్తెర ముట్టుకుని ఉంటే నా చేతులు పడిపోను," అంది యెర్కా. "మా కుందేలు కొరికింది."

"ఏ కుందేలు వదినా? మొన్న మాంసం కొట్టు దగ్గర రోజ్‌మేరీ వేసి వండుతానన్నావే, అదేనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఓవెన్‌లోకి వెళ్లబోయే జంతువు ఎంగిలి చేసిన పళ్లేన్ని దేవుడి కాళ్ల దగ్గర పెట్టిందన్న పేరు ఏళ్ల తరబడి నిలుస్తుందని యెర్కాకి తెలుసు. ఆమె గడ్డం ఎత్తింది.

"వండటమేమిటి? వాడు మా ఇంట్లో మనిషి. అడ్మిరల్‌కి వాడంటే ప్రాణం. రెండూ ఒకే పక్కలో పడుకుంటాయి."

జీవితంలో ఆమె అంత పచ్చి అబద్ధం ఆడలేదు. అది నిజమని ఆమెకి తెలీదు.

"అయితే చూసొద్దాం పదండి ఫాదర్," అంది నెదిల్కా.

ఫాదర్‌తోపాటు పాటల బృందం కూడా బయల్దేరింది. సందు మొదట్లోనే యెర్కా గొంతు పెంచి, కొడుక్కి వినపడాలని, ఫాదర్ వస్తున్నారు ఫ్రానె, మన కుందేలుని చూడ్డానికి అని అరవడం మొదలుపెట్టింది. ఫ్రానెకి వినపడలేదు. అతను ఎట్టకేలకు కత్తి పట్టుకుని, కళ్లు మూసుకుని బాల్కనీ వైపు నడుస్తున్నాడు. వినపడింది కిటికీలో ఉన్న అడ్మిరల్‌కి.

కళ్లు మూసుకున్నవాడి కన్నా పిల్లి వేగంగా వెళ్తుంది. గొళ్లెం లేచింది.

"పండగ మొదలైందా సార్?"

"మొదలైంది. నోరు మూసుకుని సోఫా ఎక్కు."

అది అతిథుల కోసం ఉంచిన మంచి సోఫా. అడ్మిరల్ కూడా దానిమీద ఎప్పుడూ కూర్చోలేదు. ఇద్దరూ ఎక్కారు. అడ్మిరల్ ఒక చెయ్యి రోస్టు మెడమీద వేశాడు. మెట్లమీద అడుగులు దగ్గరయ్యాయి. అప్పుడతను ఏ గండుపిల్లీ సాక్షుల ముందు చెయ్యని పని చేశాడు. రోస్టు చెవి నాకాడు.

"సార్, ఇది కూడా ఏర్పాటేనా?"

"కదలకు."

బాల్కనీలో ఫ్రానె కళ్లు తెరిచాడు. పెట్టె ఖాళీ. కంగారుగా ముందుగదిలోకి వచ్చి, సోఫా ముందు ఆగేసరికి తలుపు తెరుచుకుంది. ఏప్రాన్, ఎత్తిన కత్తి, సారా వాసన. గుమ్మంలో ఫాదర్, తల్లి, నెదిల్కా, ఆవిడ వెనక మెట్లనిండా గాయకులు.

"ఏమిటిది ఫ్రానె?" అన్నాడు ఫాదర్ లోవ్రె.

ఫ్రానె మంచివాడు. అబద్ధం ఆడటానికి అతనికి కొంచెం టైము కావాలి.

"రోస్టు," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. సోఫా మీద మాత్రం రెండు చెవులు లేచాయి. మనిషి నోట తన పేరు వినడం రోస్టుకి అదే మొదటిసారి. సోఫా మీంచి దూకి, గెంతుకుంటూ వచ్చి, ఫ్రానె బూట్ల ముందు వెనకకాళ్ల మీద నిలబడ్డాడు.

యెర్కా ఓడ వంటవాడి భార్య. తుఫానులో గిన్నె ఎటు జారితే చెయ్యి అటు పెట్టడం ఆయన దగ్గర నేర్చుకుంది.

"చూశారా ఫాదర్? పేరు పెట్టి పిలిస్తే ఎలా వచ్చాడో."

"రోస్టేమిటి, అదేం పేరు?" అంది నెదిల్కా.

"మా ఆయన వంటవాడు వదినా. మా ఇంట్లో పేర్లు అలాగే ఉంటాయి."

ఫ్రానె బ్రెడ్డు కోసుకుంటున్నానని చెప్పి కత్తి దాచాడు. ఫాదర్ వంగి కుందేలు తల నిమిరి, అలాగే వెళ్లి సోఫా మీది పిల్లిని నిమరబోయి చేతిమీద గీత వేయించుకున్నాడు. కింద పడిన ఒక గోధుమకొసని ఏరి చూసి, ఇది పళ్లతో తెగిందే అన్నాడు. పళ్లెం ఉన్నచోటే ఉంటుందని తీర్పు చెప్పాడు. అందరూ దిగిపోయాక గానీ యెర్కాకి తను ఏం చేసిందో తట్టలేదు. పేరు పెట్టింది. పేట మొత్తం సాక్షిగా, ఫాదర్ ఎదురుగా పెట్టింది. గుమ్మానికున్న రోజ్‌మేరీని కాసేపు చూసి, తీసి పప్పుల డబ్బా వెనక పడేసింది.

పండగ ప్రసంగంలో ఫాదర్ లోవ్రె ఈ కథే చెప్పాడు. బద్ధశత్రువులైన రెండు మూగజీవాల్ని ఒక చల్లని తల్లి ప్రేమ ఒక పక్కలో చేర్చిందన్నాడు. యెర్కా వినయంగా తల దించుకుంది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అందరికన్నా ఎక్కువ నెదిల్కా ఏడ్చింది. ఆమె కూర్చున్న చోటు నుంచి ఒంటె, ఒంటె పక్కన తన పళ్లెం బాగా కనపడతాయి.

ప్రసంగం విన్నాక భోజనానికి పిలవకుండా ఉండే దారి యెర్కాకి లేకపోయింది. వేడివేడి పిండివడల పళ్లెంతో నెదిల్కా పైకి వచ్చింది. బల్ల మీద ఉడకేసిన బంగాళాదుంపలు, నిన్నటి చేపపులుసు ఉన్నాయి.

"పండగపూట రోస్టు లేదా వదినా?" అంది కూర్చుంటూ.

బాల్కనీ లోంచి టపటపమని గెంతులు వినపడ్డాయి. రోస్టు వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు. యెర్కా నిట్టూర్చి తన పళ్లెంలోంచి ఒక ఆకు తీసి కిందికి అందించింది.

"ఊరికే పిలవకు వదినా. ఇప్పుడే పడుకోబెట్టాం."

ఆకు నమిలి రోస్టు పెట్టెలోకి తిరిగొచ్చేసరికి అడ్మిరల్ అప్పటికే అందులో ముడుచుకుని ఉన్నాడు. గోధుమ చర్చికి వెళ్లిపోయాక హీటరు పైభాగం నిన్నటి నుంచీ ఖాళీ.

"సార్, మీ చోటు ఖాళీ అయింది కదా?"

"చెవులు దించు," అన్నాడు అడ్మిరల్. "గాలి వస్తోంది."