కుడివైపు పరుగు

అచ్చులక్క చెక్క మీది పొట్టు ఊది, మళ్లీ ఉలి పట్టింది. ఇంకా పదకొండు గళ్లు మిగిలాయి. ముప్ఫై ఏళ్లుగా ఆ చెయ్యి దుప్పట్ల అంచులకు అద్దే చెక్క అచ్చుల మీద తీగలూ పువ్వులూ చెక్కింది; ఒంపు తప్ప ఇంకోటి తెలియదు దానికి. ఇప్పుడేమో అన్నీ మూలలే. ముక్కూ గడే, కన్నూ గడే! కాస్త ఏమరితే చాలు, ఉలి మూలను గుండ్రంగా తిప్పేస్తోంది, పాడు అలవాటు.

బొమ్మ అన్నయ్యది. ఒకప్పుడు వీడియో గేముల కొట్టు నడిపినవాడు. మిషన్లు పాతసామానుకి పోయాయి, కొట్టూ పోయింది, ఇప్పుడు పక్కగదిలో మనిషి కూడా పోయేలా ఉన్నాడు. రెండు మూడు రోజులన్నాడు డాక్టరు. మంచం మీదే గళ్లకాగితంపై, గుర్తున్నంతవరకు, తన ఆటలోని బుడ్డోణ్ణి ఒక్కో గడీ నింపి గీసిచ్చాడు. టోపీ, చిన్న కత్తి, పరుగులో ఎత్తిన కాలు, చుట్టూ మేడలూ మబ్బులూ.

"నీ చెక్క మీదికి ఎక్కించవే. ఒక్కసారి చూసి పోతా" అన్నాడు. ఏ చెల్లెలు కాదంటుంది?

మధ్యాహ్నానికి సిరా రాసి, కాగితం పరిచి, రుద్ది లేపింది. బుడ్డోడు ఎడమవైపు పరిగెడుతున్నాడు! బొమ్మ తిరగేసి చెక్కాలని పనిలో చేరిన మొదటిరోజే నేర్పుతారు. గళ్లు లెక్కపెట్టే ధ్యాసలో ఆ సంగతే మరిచింది.

తడి ఆరని కాగితమే తీసుకెళ్లి చూపించింది.

"వీడెటు పోతున్నాడే? ఆ ఆటలో వెనక్కి పోనివ్వరు" అన్నాడు అన్నయ్య.

"తిరగెయ్యడం మర్చిపోయా. నా బుద్ధి గడ్డి తింది."

"పోనీలే. మూలలు భలే తీశావు."

"పోనియ్యను. సాయంత్రానికి ఇంకోటి చెక్కుతా. నువ్వు మాత్రం ఆగు అన్నయ్యా."

"నా చేతుల్లో ఉందేంటే, పిచ్చిమొహమా" అంటూ నవ్వబోయి దగ్గాడు.

కొత్త చెక్క తీసింది. చుట్టూ ఉన్న మేడలూ మబ్బులూ వదిలేసి, ఒక్క బుడ్డోణ్ణే చెక్కింది. తిండి ముట్టలేదు. తనను తాను తిట్టుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, వేళ్లు బొబ్బలెక్కినా ఆపలేదు. పొద్దు వాలేవేళకు అచ్చు తీస్తే వాడు సరిగ్గా కుడివైపుకి తిరిగి ఉన్నాడు. కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని పరుగున వెళ్లింది.

"అన్నయ్యా, ఇదిగో!"

అన్నయ్య పలకలేదు. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. అరగంట ముందు వచ్చి ఉంటేనా అని తలాపున కూలబడి బావురుమంది.

ఆ ఏడుపు కాస్త నెమ్మదించాక గాని చూడలేదు. మధ్యాహ్నం ఇచ్చిన కాగితాన్ని, బొమ్మ కాళ్లవైపు ఉండేలా, గుండెల మీద నిలబెట్టుకున్నాడు. ఎదురుగా, కాళ్ల మీది దిండుకు ఆనించి, గడ్డం గీసుకునే చిన్న అద్దం. అందులో బుడ్డోడు కుడివైపుకే పరిగెడుతున్నాడు.