కనక కుడి దవడ

ఆకు మీద ఆకు పెట్టి, వెదురు పుల్ల గుచ్చి, మిగిలిన కొసని కుడివైపు పళ్ళతో టక్కున కొరికి, పక్కకి ఉమ్మేసి, కనక తరవాతి అడ్డాకు అందుకుంది. ఎదురుగా కూర్చున్న ఆమె అత్త సుక్రి కూడా అదే పని చేస్తోంది, కొరకడం ఒక్కటే తప్ప. ముసలమ్మ నోట్లో పళ్ళు లేవు. ఆరేళ్ళ కిందట ఆఖరిది కూడా సెలవు పుచ్చుకుంది. అప్పటి నుంచి ఆమె కుట్టిన విస్తరి పుల్లల కొసలతో ముళ్ళపందిలా కనక ఒళ్ళోకి వచ్చి పడుతుంది. కనక దాన్ని చుట్టూ తిప్పుతూ కొసలన్నీ కొరికి పక్కన పేరుస్తుంది. విస్తరికి పాతిక పుల్లలు. ఇద్దరు మనుషుల పనికి ఒకటే నోరు.

కనకకి నలభై ఎనిమిదేళ్ళు. ఎండిన కొమ్మలాంటి ఒళ్ళు, ముక్కుకి మూడు పుడకలు, గోళ్ళ సందుల్లో ఎప్పటికీ వదలని ఆకు పసరు. ముఖమే కాస్త వంకర. ఎడమ బుగ్గ లోపలికి పోయి ఉంటే, కుడి దవడ మూల మాత్రం ఉబ్బెత్తుగా గట్టిగా ఉంటుంది. "బుగ్గలో ఏటి దాసినావే కనకా, మాకూ కొంచెం పెట్టు" అని సంతలో ఆడవాళ్ళు ఆటపట్టిస్తారు. ఆమె నవ్వదు. నవ్వితే చెవి ముందు టక్కుమని చప్పుడవుతుంది, ఆ తరవాత కణత దాకా పోటు.

ఆ పోటు రెండేళ్ళ నాటిది. పంటినొప్పి అనుకుని సంతకొచ్చే ఒకాయన దగ్గర వెనక దంతం ఒకటి, కొండ దిగువ ఇంకొకాయన దగ్గర దాని పక్కది పీకించుకుంది. రెండూ రాయిలాంటి పళ్ళే. పాపం, అవేం చేశాయి? పళ్ళు పోయాయి గానీ నొప్పి మాత్రం తిష్ట వేసుకుని అక్కడే కూర్చుంది.

"నొప్పెడితే నాకు కొరకొద్దులే" అని ముసలమ్మ ఎప్పుడైనా అంటే కనక ఇంకా గబగబా కొరికేస్తుంది. ఎందుకంటే ముసలమ్మకి ఒక పట్టుదల ఉంది. పని సెయ్యని నోటికి కూడెందుకు అంటుంది. ఉత్త మాట కాదు. కిందటి వానల్లో జ్వరం వచ్చి పది రోజులు ఆకు ముట్టలేదు. ఆ పది రోజులూ అంబలి గిన్నె కూడా పక్కకి నెట్టేసింది. కనక బతిమాలింది, తిట్టింది, ఆఖరికి కాళ్ళు పట్టుకుంది. ఆ పది రోజులు తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ భయమే.

లోకంలో కనకకి మిగిలింది ఆ ముసలమ్మే. మొగుడు ధర్మ పన్నెండేళ్ళ కిందట మలేరియాతో పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటివాళ్ళు ఇంకో సంబంధం చూసి మరీ వచ్చి తీసుకుపోతామన్నారు. మారుమనువు వాళ్ళలో తప్పేమీ కాదు. కనక వాళ్ళని వాకిట్లోంచే పంపేసింది. తను ఏడిస్తే ముసలమ్మ ఏడుస్తుందని ఆ రోజూ ఏడవలేదు, ధర్మని పూడ్చిన రోజూ ఏడవలేదు.

ఎండ అరుగు మీదికి వచ్చేసరికి ఆశా కార్యకర్త సుజానా గేటు దగ్గర కేకేసింది. "పిన్నీ, ఆటో ఉంది, బేగి రా. ఈ రోజు ఆస్పత్రికి పళ్ళ డాక్టరమ్మ వచ్చింది."

డాక్టరమ్మ చిన్నపిల్ల, సుజానా కన్నా చిన్నదిలా ఉంది. నోట్లోకి చూడకముందే రెండు చేతులూ కనక బుగ్గల మీద పెట్టింది. "పళ్ళు గట్టిగా బిగించమ్మా" అంది. కనక బిగించింది. కుడి చేతి కింద కండ నిమ్మకాయంత లేచింది. డాక్టరమ్మ వేలితో అక్కడ ఒక చోట నొక్కింది. నొక్కింది బుగ్గ మీద, పొడిచింది చెవిలోనూ, లేని పంటిలోనూ. కనక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పీకించేసిన పన్ను నొప్పెడతందేటి డాక్టరమ్మా?"

"నొప్పి పంటిది కాదమ్మా, ఎప్పుడూ కాదు. ఇది నమిలే కండ. చాకిరీ చేసీ చేసీ బిగుసుకుపోయింది. అది వదలకుండా లాగి పట్టుకుంటే చెవి ముందున్న కీలు సరిగ్గా తిరగదు. అందుకే ఆ టక్కుమనడం." నోరు తెరవమని వేళ్ళు నిలువుగా పెట్టి చూసింది. మూడు వేళ్ళు పట్టాల్సిన చోట రెండే పట్టాయి. "ఏం కొరుకుతారు?"

"పుల్లలమ్మా."

"ఇద్దరివీ ఈవిడే కొరుకుతాది మేడం, అత్తగారివి కూడా" అంది సుజానా.

నలభై రోజులు ఒక్క పుల్ల కూడా కొరకొద్దంది డాక్టరమ్మ. మెత్తటి తిండి, వేడి కాపడం, పూతమందు. "ఇంకోటి. నోరు మూసుకున్నా పళ్ళు ఒకదానికొకటి తగలకూడదు. తినేటప్పుడు తప్ప పళ్ళకి పని లేదు."

తిరుగు ఆటోలో కనక తన నోటిని తనే కాపలా కాసింది. చూసుకున్న ప్రతిసారీ పళ్ళు కలిసే ఉన్నాయి. విడదీసింది. మలుపు దాటేలోగా మళ్ళీ కలిశాయి. ఇన్నేళ్ళూ ఇలాగే పట్టుకుని ఉన్నానా అనుకుంటే ఆమెకి తన మీద తనకే జాలేసింది.

"మామ్మకి సెప్పేయ్ పిన్నీ" అంది సుజానా.

"ఒలమ్మో, సెప్పకే! నా వొల్ల దీని నోరు పాడయ్యిందని ఆకు ముట్టదు. ఆకు ముట్టకపోతే కూడు ముట్టదు. ఆనక నానేటి సేత్తాను?"

"కత్తెర తెస్తాను పోనీ."

"ఒక్కో పుల్లకీ కత్తెర ఎత్తి దించుకుంటా కూకుంటే పొద్దు గూకిపోద్ది. నివ్వు ఊరుకో."

ఇంటికొచ్చేసరికి ముసలమ్మ కుట్టిన విస్తర్లు పది, కొసలతో ఎదురు చూస్తున్నాయి.

"ఏటన్నాదే డాక్టరమ్మ?"

"ఏటీ నేదు. సలిగాలి తగిలిందంట" అని కనక కూర్చుని ఒక పుల్ల కొరికింది. పోటు కణతకెక్కింది. విస్తరి ముఖానికి అడ్డం పెట్టుకుని ఆగింది. రెండోది కొరకలేక నీళ్ళు తెస్తానని బిందె అందుకుంది.

ఊట దగ్గర ఎవరూ లేరు. బిందె నిండి పొర్లుతున్నా కనక లేవలేదు. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అని కూర్చుంది. ఆఖరికి బిందె ఎత్తుకుని తిరిగి వచ్చింది.

అరుగు మీద పూతమందు గొట్టం ఉంది. ఆటోలో మరిచిపోయింది, సుజానా తెచ్చి ఇచ్చి వెళ్ళినట్టుంది. మందు ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదనీ తెలుస్తూనే ఉంది. ముసలమ్మ కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. పొర కమ్మిన కళ్ళతో పుల్లని చూడకుండానే చూపుడువేలి మొదటి కణుపుకి ఆనించి కొలిచి, కత్తికి నొక్కి తెంపి, చేటలో వేస్తోంది.

కనక బిందె దించింది. "అత్తా..."

"నాకెందుకు సెప్పనేదే?"

"సెప్తే కూడు మానేత్తావని."

"నానా?" ముసలమ్మ తల ఎత్తలేదు. "నీ దవడ పోతంటే నాను కూడు మానేసి కూకుంటానా? బుర్ర నేని గుంట! పొట్టిగా కోసి గుచ్చితే కొస మిగల్దు. కొసే నేకపోతే కొరికేదేటి? ఈ పాటి తెలివి ఆరేళ్ళ కిందట నాకే రావాల. పో, అంబలి తే. ఆకలేత్తంది."

కనకకి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది, ఎక్కడలేని తేలికా కలిగింది. చోడంబలి తెచ్చింది. ముసలమ్మ ఒక గిన్నె తాగి, ఇంకో గిన్నె అడిగి తాగి, మూతి తుడుచుకుని మళ్ళీ కత్తిపీట దగ్గరికి జరిగింది. "నడుం వాలుత్తాను" అనేసరికి ఎండ కొండ మీదికెళ్ళిపోయింది. గోడ వారన పక్కకి తిరిగి పడుకుంది.

కనక కొత్త పుల్లలతో విస్తరి మొదలుపెట్టింది. గుచ్చితే కొస లోపలే ఉండిపోయింది. ఇంకోటి. ఇంకోటి. విస్తరి పూర్తయింది, నోటితో పని పడలేదు. చిన్నపిల్లలా సంబరపడి పైకెత్తింది.

"అత్తా, సూడు!"

ముసలమ్మ కదల్లేదు. కనక దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉంచింది.

సుజానా వచ్చి నాడి చూసి శిలువ గుర్తు వేసుకుంది. వాకిట్లో జనం చేరారు. కనక నోరు తెరిచింది. రెండు వేళ్ళ మేరే తెరుచుకుంది. ఆ సందులోంచే, దాచుకున్నదంతా ఏడ్చింది. దవడ పోటెత్తుతున్నా ఆపలేదు.

ఎవరో దీపం తెచ్చి అరుగు మీద పెట్టారు. పక్కన చేట నిండా పుల్లలు, అన్నీ ముసలమ్మ చూపుడువేలి మొదటి కణుపంత.