బేబి పాడని మాట

“ఇవాళ మా అమ్మాయికి ఆయాసం రేగిందంటే ఏంటండీ నా గతి?” అంది బేబి, మంచం మీద దుప్పటి మార్చి అంచులు లోపలికి దోపుతూ.

కిటికీ పక్క మంచం మీద మాణిక్యాంబ నవ్వింది. తుంటి ఎముక విరిగి ఆత్రేయపురం నుంచి వచ్చిన ఆసామీల ఇంటి పెద్దావిడ. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచీ ఈ ఆయమ్మ భయాలన్నీ వింటోంది.

“మొన్న గుడి కప్పు కూలుతుందన్నావు. నిన్న కరెంటు పోతుందన్నావు. ఇవాళ ఆయాసమా? రేపటికి కూడా ఏదైనా అట్టిపెట్టుకోవే తల్లీ!”

“మీకు నవ్వులాటగా ఉందండి. సాయంత్రం గుళ్ళో పాడే కథలో నా హెలెన్‌ని ఆ పిల్లగా నిలబెడుతున్నారు.”

“ఏ పిల్ల?”

“ఆ పిల్లేనండి. యాయీరు కూతురు. బైబిల్లో... ఒంట్లో బాగోక...” బేబి అక్కడ ఆగిపోయి దిండు దులపసాగింది.

బేబి పొట్టి మనిషి. ఫినాయిలు నీళ్ళకి వేళ్ళ చివర్లు తెల్లబడి ముడతలు దేరాయి. రోగుల్ని లేపి కూర్చోబెట్టీ కూర్చోబెట్టీ కుడి భుజం కాస్త కిందికి జారింది. ఈ వార్డులో ఎందరో పోయారు. పోయారన్న మాట మాత్రం బేబి నోటి వెంట ఎవరూ వినలేదు. వరండాలో కూర్చున్న వాళ్ళ దగ్గరికి వెళ్ళి, “డాక్టరుగారు మిమ్మల్ని పిలుస్తున్నారండి” అనేది. అంతే. భర్త పోయిన రోజున పసిపిల్ల హెలెన్‌తోనూ, “నాన్న ఊరెళ్ళాడమ్మా” అంది. ఆ పిల్ల చాలాకాలం ప్రతి బస్సు వైపూ చూసింది. బళ్ళో ఎవరో అసలు సంగతి చెప్పాక చూడటం మానేసింది. తల్లిని ఏమీ అడగలేదు.

సాయంత్రం పని దిగి, తెల్లచీర కట్టుకుని బేబి లూథరన్ గుడికి చేరింది. జబ్బుతో కన్నుమూసిన కూతుర్ని యేసు లేపి, తినడానికి ఏదైనా పెట్టమన్న ఆ యాయీరు కథనంతా పాటలుగా రాసి, బాణీలు కట్టినవారు విజయ్ పాల్ మాష్టారు. ఊళ్ళోని అన్ని సంఘాల నుంచీ గాయకులు వచ్చారు. వయొలిన్లు కాకినాడ నుంచి వచ్చాయి. క్లారినెట్లూ, ట్రంపెట్లూ నిడదవోలు పెళ్ళి బ్యాండువాళ్ళవి. వాళ్ళు జరీ పట్టీల ఎర్రకోట్లతోనే వచ్చి, బెంచీల అంచున ఒద్దికగా కూర్చున్నారు.

హెలెన్ ముందు వరసలోకి వెళ్తూ తల్లి చెవి దగ్గర వంగింది. “అమ్మా, నా వంక అలా చూడకే. నువ్వు చూస్తే లేని దగ్గు వస్తుంది నాకు.”

“మందు పీల్చావా?”

“పీల్చాను. నువ్వూ పీల్చు కొంచెం,” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

కథలో ఆ పిల్ల తండ్రి, యేసుని పిలుచుకురావడానికి పరిగెత్తాడు. దారిలోనే కబురు ఎదురొచ్చింది. ఆ కబురు ఎత్తుకోవలసింది బేబి ఉన్న ఆల్టో వరస, కింది స్థాయిలో పాడే ఆడవాళ్ళది. నీ కూతురు చనిపోయింది. అంతే ఆ కబురు. రిహార్సళ్ళలో అక్కడికి రాగానే బేబి పెదవులు కదిపేది, గొంతు కలిపేది కాదు. కన్నకూతురు ఎదురుగా నిలబడి ఉండగా ఆ మాట ఎలా వస్తుంది? పక్కనున్న క్రిస్టినా టీచరు గొంతు పెద్దది కాబట్టి ఎవరికీ తెలియలేదు. వరసలో మిగతా అందరూ చిన్నపిల్లలే, టీచరు అందుకున్నాకే అందుకునేవాళ్ళు.

ఆ క్రిస్టినా ఇప్పుడు బేబి మోచెయ్యి పట్టుకుంది. “పొద్దుట్నుంచీ గొంతు పూడుకుపోయింది బేబీ. నువ్వే ఎత్తుకోవాలి.”

“నా వల్ల కాదు టీచరుగారూ!”

“నువ్వు ఎత్తుకోకపోతే ఎవ్వరూ ఎత్తుకోరు. పాట అక్కడే ఆగిపోతుంది. హెలెన్ దాకా రాదు.”

మాష్టారు చెయ్యి ఎత్తారు. వయొలిన్లు మొదట వినపడీ వినపడకుండా, తెల్లారుగట్ల గోదావరి మీద పొగమంచులా లేచాయి. వాటి కిందనుంచి క్లారినెట్లు వచ్చాయి. ఊరేగింపుల ముందు చెవులు చిల్లులు పడేలా ఊదే మనుషులు వీళ్ళేనా? నలువైపులా గొంతులు లేచేసరికి బెంచీలు సన్నగా అదిరాయి. బేబి అరికాళ్ళలోంచి ఏదో పైకి పాకింది. ఇంత పెద్ద శబ్దంలో తనలాంటి దాని గొంతు కూడా ఉందా అనుకుంది.

వాద్యాలు ఆగాయి. మాష్టారి చెయ్యి ఆల్టోల వైపు తిరిగింది. ముందు వరసలో హెలెన్ తల వంచుకుని నిలబడింది.

బేబి నోరు తెరిచింది. “నీ కూతురు చనిపోయింది.” ఒంటరిగా లేచిన ఆ గొంతు బొంగురుగా, వణుకుతూ గుడి చివరిదాకా వెళ్ళింది. వెనకే పిల్లలు అందుకున్నారు. మగవాళ్ళు అందుకున్నారు. గుడి గుడంతా ఏడ్చింది. ఎర్రకోటు వేసుకున్న ముసలి బాజావాడు ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత బ్యాంకు గుమాస్తా శ్యాంబాబు ఒక్కడే లేచి, యేసు మాటగా, నిద్ర లేపినంత మెల్లగా పాడాడు. “అమ్మాయీ, లే.”

ఇక లేచిన పిల్లగా బదులు పాడవలసింది హెలెన్.

హెలెన్ తల ఎత్తలేదు. వయొలిన్ల కమానులు గాలిలోనే నిలిచిపోయాయి. మాష్టారు చెయ్యి కదపలేదు. పిల్ల భుజాలు కదులుతున్నాయా? ఊపిరి ఆడుతోందా? నా నోటితో నేనే అన్నాను తండ్రీ, అనుకుంది బేబి. అన్ని రోజులూ మింగిన మాట ఇవాళే కక్కాను. ఆమె చెయ్యి ముందు వరస వైపు చాచింది. అందలేదు.

అప్పుడు హెలెన్ తల ఎత్తింది. చూడవలసింది మాష్టారి వైపు. ఆమె వెనక్కి, ఆల్టోల వైపు తిరిగింది. ఊపిరి నిండా తీసుకుంది.

“అమ్మా,” అని పాడింది, “ఆకలేస్తోంది.”