రెండు నిమిషాల పని

"మా ఇంట్ల నాస్ కరాబైంది లాజరూ. జల్ది రా."

ఫోన్‌లో జీవరాజు గొంతు ఎప్పుడూ ఊరేగింపు మైకులాగే ఉంటుంది. బోధన్ బస్టాండు పక్క హోటల్లో పూరీ తుంచుతున్న లాజరుకు వినపడినంత బాగానే, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆశన్నకూ వినపడింది. కాకపోతే అక్కడికి చేరేసరికి మాట కొంచెం ఒళ్లు చేసింది.

"ఎవరింట్ల నాష్ట కరాబైందట?" ఆశన్న లేచి నిలబడ్డాడు. "ఏడ తిన్నరట? మా హోటల్దయితే కాదు."

పక్క బల్ల దగ్గర ఇద్దరి చేతులు ఇడ్లీల మీద ఆగిపోయాయి. ఒకాయన చట్నీ గిన్నె ఎత్తి వాసన చూశాడు.

"నాష్ట కాదన్నా, నాస్," అన్నాడు లాజరు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి. "డబ్బా అది. లోపట హార్డ్ డిస్కులుంటయి. ఇంట్ల ఉన్న కంప్యూటర్లన్నిటికి కలిపి ఒక్క గోదాం అనుకో."

"గట్ల చెప్పు మరి. పొద్దుగాల్నే నా గిరాకీ కరాబు చేస్తివి గదనే."

అందరూ నవ్వారు. లాజరూ నవ్వాడు. నలుగురి మధ్య కూర్చుని నవ్వడం రోజూ దొరికే టిఫిను కాదు కాబట్టి, మిగిలిన పూరీని మామూలు కంటే నెమ్మదిగా తిన్నాడు.

బోధన్‌లో పుట్టి బోధన్‌లోనే పెరిగినా ఎవరికీ ఏదీ బోధించని మనిషి లాజరు. సగం జీవితం చక్కెర ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ సెక్షన్‌లో గడిచింది. ముందస్తు రిటైర్మెంటు కాగితం మీద సంతకం పెట్టి బయటికి వచ్చేటప్పుడు చక్కెరంతా లోపలే ఉండిపోయింది, కొంచెం మాత్రం రక్తంలో వెంట వచ్చింది. దానికి రోజూ ఒక గోలీ. తర్వాత కంప్యూటర్ల పని నేర్చుకున్నాడు. నిజామాబాద్‌లో రాజనర్సు కంప్యూటర్ దుకాణం వెనక గదిలో కూర్చుని, గిరాకీలు ముందు గదిలో ఇచ్చిపోయిన రోగాలకు వైద్యం చేస్తుంటాడు. రోగి పరిచయమే తప్ప బంధువుల పరిచయం ఉండదు.

పొడుగు మనిషి. సంచి మోసీ మోసీ కుడి భుజం కొంచెం జారింది. ఎడమ బొటనవేలి గోరు ఫ్యాక్టరీలో చీలింది, మళ్లీ అతకలేదు. చొక్కా కాలరు అరిగితే తిప్పి కుట్టించుకుంటాడు. చెమట తుడుచుకునే నీలి గళ్ల దస్తిని నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకుంటాడు. మౌనం ఆయనకు మదర్‌బోర్డు. మాట, అవసరమైనప్పుడు గుచ్చుకునే అదనపు కార్డు. భార్య బాలవ్వ పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. శక్కర్‌నగర్ క్వార్టర్లో రాత్రి పూట ఒకసారి వండి రెండు పూటలు తింటాడు. పడుకునే ముందు పరలోక ప్రార్థన పైకే చెబుతాడు. దేవుడికి వినపడాలని కాదు, ఇంట్లో ఒక గొంతు వినపడాలని.

నిజామాబాద్ బస్సు చెరుకు ట్రాక్టర్ల వెనక పడి ఎడపల్లి దాకా నడక నడిచింది. లాజరు దుకాణానికి ఫోన్ చేసి జీవరాజు ఇంటికి పోతున్నానని చెప్పాడు.

"రెండు నిమిషాల పని ఉంటది, చేసి వచ్చెయ్," అన్నాడు రాజనర్సు. "దినమంత కూసోకు. ఈడ ప్రింటర్లు లైను కట్టినయి."

నిజామాబాద్ రైల్వే స్టేషన్ వెనక చిన్న డాబా ఇల్లు జీవరాజుది, దుకాణానికి పాత గిరాకీ. రైల్వేలో గుమాస్తాగా రిటైరయ్యాడు. బండ్లు ఆగినా ఆయన మాట ఆగదు. భార్య వసంతమ్మ నర్సు పని చేసి రిటైరయింది, మెథడిస్టు చర్చిలో పాటల గుంపును నడిపిస్తుంది. ముప్పై ఏళ్లుగా ఆ గుంపు పాడిన పాటలన్నీ క్యాసెట్ల మీద ఉండేవి. బూజు పట్టి పోతున్నాయని జీవరాజు వాటిని ఒక్కొక్కటే కంప్యూటర్‌లోకి ఎక్కించి, హైదరాబాద్ నుంచి తెచ్చిన ఈ డబ్బాలో పెట్టి, క్యాసెట్లను తుక్కు కొనే కబాడీకి వేశాడు. పాడినవాళ్లలో సగం మంది ఇప్పుడు సమాధుల తోటలో ఉన్నారు. వాళ్ల గొంతులు మాత్రం ఈ ఇంట్లో, బూట్ల డబ్బా అంత పెట్టెలో ఉన్నాయి.

"రా రా. లాజరు వస్తే సచ్చిన డిస్కు సుత లేస్తది," జీవరాజు గేటు దగ్గరే మొదలుపెట్టాడు. "నిన్న ఒకటి టక్ టక్ మని పాయె. కొత్తది తెచ్చి పెట్టిన. పెద్దది, ఫస్టు క్లాసుది. డబ్బా మాత్రం దాని మొకం సూస్తలేదు."

"రెండోది మంచిగున్నదా?"

"ఉన్నది. అన్ని పాటలు అండ్లనే ఉన్నయి గదా?"

"ఉన్నయి. రెండిట్ల ఒక్కటే రాస్తది డబ్బా. ఒకటి పోతే ఇంకోటి."

"మరి ఆ ఇంకోటి పోతే?"

లాజరు సంచి విప్పి స్క్రూడ్రైవర్ తీశాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వసంతమ్మ ఆ ప్రశ్నను విన్నది.

కొత్త డిస్కును లాజరు మూడుసార్లు డబ్బాలోకి తోసి చూశాడు. ఎర్ర దీపమే వెలిగింది. చర్చిలో పెండ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పవచ్చంటారు. ఎవరూ లేవరు. ఈ డబ్బా మాత్రం మూడుసార్లూ లేచింది.

"పిల్ల మంచిదే, పిలగాడు మంచోడే," అన్నాడు జీవరాజు. "ఏం కుదుర్తలేదో."

లాజరు డిస్కును బయటికి లాగి వెనక్కి తిప్పాడు. అంచున నాలుగు సన్నటి ముళ్లు, వాటి మీద ఏమీ లేదు. విషయం అర్థమైంది. డబ్బా పాత కాలంది, డిస్కు కొత్త కాలంది. డిస్కు మాట్లాడే వేగం డబ్బా చెవికి అందడం లేదు. ఆ ముళ్లలో రెండింటిని కలిపి చిన్న టోపీ తొడిగితే డిస్కు తన వేగం తగ్గించుకుంటుంది. ఆ టోపీని జంపర్ అంటారు. పేరుకు జంపరే గాని దాని పని దూకకుండా ఆపడం.

జేబులోంచి ఫోటో రీలు డబ్బీ తీశాడు. పాత డిస్కుల నుంచి దాచినవి అందులో ఉన్నాయి. ఒకటి వేలి కొస మీదికి తీసుకున్నాడు. నువ్వు గింజ కంటే కొంచెం పెద్దది, నల్లగా.

తొడిగితే పని అయిపోతుంది. ఆ తర్వాత పాత డిస్కులోవి కొత్తదానిలోకి దానంతట అదే రాసుకుంటుంది. దానికి మనిషి అక్కరలేదు. సంచి భుజాన వేసుకుని దుకాణానికి పోవాలి, వెనక గదికి, ప్రింటర్ల దగ్గరికి.

వంటింట్లో ఉల్లిగడ్డ నూనెలో పడిన చప్పుడు వచ్చింది. ఎవరో వండుతుంటే ఆ చప్పుడు పక్క గదిలో కూర్చుని వినడం ఎట్లా ఉంటుందో లాజరు మరిచిపోలేదు.

"అయితదా లాజరూ?" వసంతమ్మ గుమ్మంలోకి వచ్చింది.

వేలి మీది జంపర్ మళ్లీ డబ్బీలో పడింది. మూత బిగిసింది.

"సూడాలె వదినె. జర టైం పడ్తది."

ఆమె ఒక్క క్షణం నిలబడి లోపలికి పోయింది.

లాజరు పని మొదలుపెట్టాడు. పనికి పనికిరాని పని. వైర్లు మార్చాడు. మార్చినవి మళ్లీ మార్చాడు. బ్రష్షుతో దుమ్ము దులిపాడు. కరెంటు కొలిచాడు. జీవరాజు పక్కన కుర్చీ వేసుకుని తాను రైల్వేలో చూసిన పెద్ద సార్ల కథలన్నీ చెప్పాడు, లాజరు నవ్వాల్సిన చోట నవ్వాడు. చాయ్ వచ్చింది. చక్కెర లేనిది, అడగకుండానే.

మధ్యమధ్య పాత డిస్కు మీద చెయ్యి వేసి చూశాడు. వెచ్చగా ఉంది. జత పోయాక ఒంటిగా తిరిగేది ఎంతకాలం తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒంటిగా తిరగడం సంగతి ఆయనకు తెలియనిదీ కాదు. తప్పు చేస్తున్నానని తెలుసు. ఇంకొంచెం సేపు, అనుకున్నాడు.

ఆ కొంచెం సేపు గడపడానికి పాత డిస్కును కూడా బయటికి తీసి పేపరు మీద పెట్టాడు.

"వడ్డిస్తున్న, చేతులు కడుక్కోండ్రి," వసంతమ్మ పిలిచింది.

లాజరు పెరట్లో నల్లా కింద చేతులు పెట్టాడు. హాల్లోంచి జీవరాజు మైకు మోగింది.

"లాజరూ, నీకు సాయం చేస్తున్న. ఈ పాత డిస్కును మన కంప్యూటర్‌కు తగిలిచ్చిన. లోపట ఏం లేదంటుంది. ఫార్మాట్ చెయ్యాల్నా అని అడుగుతుంది. అవునని ఒత్తుతున్న."

డబ్బా రాసుకునే లిపి కంప్యూటర్‌కు రాదు. చదవడం రాని మనిషికి నిండు పుస్తకం ఇస్తే, దీంట్లో ఏమీ లేదు, తుడిచి ఇవ్వనా అని అతను అడిగినట్టు కంప్యూటర్ అడుగుతుంది. అవునంటే నిజంగానే తుడిచేస్తుంది.

లాజరు పరుగెత్తి ఎన్నేళ్లయిందో. నీళ్లు కారుతున్న చేతులతో హాల్లోకి వచ్చి జీవరాజు మణికట్టు పట్టుకున్నాడు. వేలు మౌస్ మీదే ఉంది.

"ఒత్తినవా అన్నా?"

"లేదు. ఒత్తబోయిన. ఏమాయె?"

లాజరు వద్దు అనే గుర్తు మీద నొక్కాడు. వైరు పీకాడు. నేల మీదనే కూలబడ్డాడు. చెయ్యి ఛాతీ మీదికి పోయింది. ముప్పై ఏళ్ల పాటలు, పోయినవాళ్ల గొంతులు, ఒక పూట అన్నం కోసం ఆయన పేపరు మీద ఆరబెట్టాడు.

"ఏమాయె తమ్మీ, మొకం అట్లయింది?" వసంతమ్మ గరిటెతో వచ్చింది. "గోలీ ఏసుకున్నవా ఇయ్యాల?"

"ఏసుకున్న వదినె."

డబ్బీ తెరిచాడు. జంపర్ తీసి కొత్త డిస్కుకు తొడిగాడు. రెండు డిస్కులూ డబ్బాలో పెట్టాడు. ఎర్ర దీపం ఆరి పచ్చ దీపం మిణుకుమంది. డబ్బా లోపల సన్నగా చప్పుడు మొదలైంది, ఒకటి చెబుతుంటే ఇంకొకటి రాసుకుంటున్నట్టు.

"అయింది," అన్నాడు. "పచ్చ దీపం ఎగరకుండా నిలబడ్డ దాంక బంద్ చెయ్యకుండ్రి. రేపు పొద్దుగాలకు అయితది. నేను పోతున్న."

"ఏడికి పోతవ్?" జీవరాజు అన్నాడు. "కూసో. నువ్వు పోతే నేను మల్ల ఏదన్న ఒత్తుత. పొద్దూకే దాంక కావలుండు."

ఉండమనడానికి డబ్బా చెడాల్సిన పని లేదని లాజరుకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ సాకు వెతికిన మనిషికి సాకు లేకుండా పీట దొరికింది. కోడిగుడ్డు కూర, పచ్చిపులుసు. వసంతమ్మ రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు. మధ్యాహ్నం జీవరాజు కుర్చీలోనే గురకపెట్టాడు, లాజరు డబ్బా ముందు కూర్చుని గురకనూ, డిస్కుల చప్పుడునూ కలిపి విన్నాడు. రాజనర్సు నుంచి ఫోన్ రెండుసార్లు వచ్చింది. జంపర్ పెట్టిన, ఇంకా అయితనే ఉన్నది సేఠ్, అన్నాడు. ఈసారి అది అబద్ధం కాదు.

పొద్దు వాలాక బోధన్ బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు. టికెట్ కొడుతూ కండక్టర్ భూమన్న, "ఏందన్నా, ఇయ్యాల మొకం మీద పెండ్లి కళ ఉన్నది," అన్నాడు. రోజూ ఎక్కే మనిషిని రోజూ ఏదో ఒకటి అనడం ఆయన అలవాటు.

"చుట్టాలింటికి పోయిన," అన్నాడు లాజరు.

చెరుకు బండ్ల మధ్య బస్సు ఆగుతూ పోయింది. ఎడపల్లి దాటాక కిటికీలోంచి బెల్లపు పాకం వాసన వచ్చింది. లాజరు తలను ఊచకు ఆనించాడు. బోధన్‌లో అందరూ దిగారు. ఆయన దిగలేదు. భూమన్న భుజం తట్టాడు, మళ్లీ తట్టాడు, తర్వాత తన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

లాజరు జేబులోంచి ఫోన్ తీసి పొద్దుట వచ్చిన నంబరుకు కొట్టాడు. సంగతి చెప్పి, "ఆయన మీకేమయితడు సార్?" అని అడిగాడు. జీవరాజు ఫోన్‌ను భార్య వైపు చాపాడు. వసంతమ్మ ఫోన్ తీసుకుంది.

"మావోడే," అన్నది. "ఆడనే ఉంచుండ్రి. వస్తున్నం."

తెల్లారేసరికి డబ్బా మీద పచ్చ దీపాలు రెండూ కదలకుండా వెలుగుతున్నాయి.

సమాధి కార్యక్రమం బోధన్‌లో జరిగింది. పోయినవాళ్ల పేరిట పెట్టే ఆదరణ కూడిక మాత్రం ఎవరింట్లో పెట్టాలన్న మాట వచ్చినప్పుడు వసంతమ్మ తమ ఇంట్లోనే అంది. పాస్టరు గారు వాక్యం చదివారు. డబ్బాలోంచి పాత పాటలు వచ్చాయి, పాటల గుంపు వాటితో కలిసి పాడింది. చాయ్‌ల దగ్గర అందరూ లాజరు గురించి మాట్లాడారు. మాట్లాడటానికి ఎక్కువ లేక, చెప్పిందే చెప్పారు.

"మంచోడు," అన్నాడు రాజనర్సు. "అబద్ధమెందుకు, చెయ్యి జర స్లో. ఆ దినం సూడుండ్రి, ఒక్క జంపర్ పెట్టుడు. రెండు నిమిషాల పని. దినమంత పట్టింది. పాపం, సమజ్ కాలేదు."

"మాకు తెల్వదు గాని ఏమేమో మస్తు చేసిండు," అన్నాడు జీవరాజు.

హోటల్ ఆశన్న తలూపాడు. "వయసు గదా. యాది ఉండదు."

"యాది లేకేం కాదు," అన్నది వసంతమ్మ.

అందరూ అటు తిరిగారు. ఆమె ఖాళీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది.

"ఆ జంపర్ పొద్దుగాలనే ఆయన వేలు మీద సూసిన. నన్ను సూసి డబ్బీల ఏసుకున్నడు. నేను పోయి ఇంకో గ్లాసు బియ్యం కడిగిన. పోయినసారి గిట్లనే వైరు ఊడితే పొద్దూకే దాంక కూసున్నడు. అప్పుడు సుత కడిగిన."

రాజనర్సు చాయ్ గ్లాసును రెండు చేతుల మధ్య పట్టుకుని దాంట్లోకే చూశాడు.

"నాకన్న చెప్పకపోతివి," అన్నాడు జీవరాజు.

"నీకు చెప్తే నువ్వు ఆయనకు చెప్తవు. సిగ్గుపడి మల్ల రాకపోతుండె."

అందరూ పోయాక, హాలు ఊడ్చి, వసంతమ్మ డబ్బా మీది దుమ్ము తుడవబోయింది. డబ్బా మునుపటి కంటే కొంచెం ఎత్తులో ఉన్నట్టనిపించింది. వంగి చూసింది. మూలలు సమంగా కలిపి, నాలుగు మడతలు పెట్టి, అదురు తగలకుండా ఎవరో కిందికి తోసిన నీలి గళ్ల దస్తి ఒకటి ఉంది. లాగితే డిస్కులు కదులుతాయని ఆమె దాన్ని ముట్టలేదు. పైన డిస్కులు తిరుగుతుంటే, దస్తి అంచు కంటికి అందీ అందనంత సన్నగా వణుకుతోంది.