సరంగు కుడిచేతిలో ఏముంది?

పడవ పనులు నేర్పే బడిలో తాళ్ల పాఠం చెప్పే టీచరుకు ఉన్నవి రెండే ఆస్తులు. ఒకటి, ముప్ఫై మూరల తాడు. రెండోది, తండ్రి నోట విని నేర్చుకున్న, పడవ నడిపే ఎడమచేతి సరంగు కథ. ఆమె కంటే ముందు ముప్ఫై ఏళ్లు ఆ పాఠం చెప్పింది ఆయనే. తాడు జోలికి ఎవరూ రాలేదు గానీ, కొత్తగా వచ్చిన ప్రిన్సిపాలు కన్ను కథ మీద పడింది.

"పుస్తకంలో బొమ్మలున్నాయి కదమ్మా, మధ్యలో ఈ కోతలెందుకు? మధ్యాహ్నం నేనే వచ్చి కూర్చుంటా. కథ వల్ల ఒరిగేదేమిటో చూపించండి. లేదంటే రేపట్నుంచి పుస్తకం చాలు" అన్నాడాయన. అన్నది మర్యాదగానే. అందుకే ఆమెకు ఇంకాస్త ఒళ్లు మండింది.

ఆ కసితోనే ఉదయం క్లాసులో కథ ఎత్తుకుంది.

"సరంగు ఎంత పొడుగంటే, ఆయన టోపీ మీద కొంగ గుడ్లు పెడితే, ఆ పిల్లలు నేలకు దిగేసరికి వాటికి మనవలు పుట్టేవారు. ఆయన ఆవలిస్తే మూడు రేవుల తెరచాపలు వెనక్కి తిరిగేవి. ఒకరోజు కూరలో ఉప్పు చాలలేదని సముద్రాన్ని ఓ గుక్క తాగాడు. పడవలన్నీ పోయి బురదలో కూర్చున్నాయి. అంతటివాడు తుఫానులో నీళ్లలో పడ్డాడు. పైనుంచి తాడు విసిరారు. ఎడమచేత్తో అందుకున్నాడు, నడుం చుట్టూ తిప్పాడు, మణికట్టు మెలిపెట్టి ఒంటిచేత్తో ముడేశాడు. ఇప్పుడు మీరు వేయండి."

ఇరవై ఒక్కమంది విద్యార్థులు తమ తమ తాళ్లతో కుస్తీ పట్టారు. సగం మంది నడుముకు ముడి బదులు చిక్కు పడింది. అందరూ అనుమానప్పక్షి అని పిలిచే అమ్మాయి మాత్రం తాడు ఒళ్లో పెట్టుకుని ఆలోచిస్తూ కూర్చుంది.

"టీచర్, అంత బలవంతుడు రెండు చేతులా వేసుకోక ఒంటిచేత్తో తంటాలెందుకు పడ్డాడు? కుడిచేతిలో ఏముంది?"

"తిమింగలం తోక" అన్నాడొకడు. "అన్నం ముద్ద" అన్నాడు ఇంకొకడు. క్లాసంతా నవ్వింది. టీచరూ నవ్వింది. చిన్నప్పుడు ఆ కథ ఎన్నిసార్లు విందో లెక్కలేదు. సరంగుది ఎడమచేతి వాటం అనుకుని ఊరుకుంది. ఇన్నేళ్లలో ఈ మాత్రం అనుమానం తనకెందుకు రాలేదా అని సిగ్గేసింది.

మధ్యాహ్నం గంట కొట్టగానే, తినకుండా రెండు వీధుల అవతల ఉన్న ఇంటికి పోయింది. తండ్రి వెనక గదిలో పాత తాళ్ల కొసలు విప్పుతున్నాడు. ఆమె చెప్పులు విడవకుండానే అడిగింది.

"నాన్నా, సరంగు కుడిచేతిలో ఏముంది?"

ఆయన తాడు పక్కన పెట్టాడు. "నీకు తోచిందా, ఎవరైనా అడిగారా?"

"ఓ అమ్మాయి అడిగింది."

"ముప్ఫై ఏళ్లు చూశాను, ఎవరైనా అడుగుతారేమోనని. అందరికీ టోపీ మీద కొంగలే కావాలి." గోడమీది ఫోటోకేసి చూశాడు. సముద్రంలో పోయాడని మాత్రమే ఆమెకు తెలిసిన పెదనాన్న ఫోటో అది. "కథ మా తాతల నాటిది. ఎడమ చెయ్యి మాత్రం నేను కలిపాను. ఆ రోజు అన్నయ్యా నేనూ ఇద్దరం నీళ్లలో పడ్డాం. నా కుడిచేతిలో వాడి చెయ్యి ఉంది. తాడు విసిరారు. నాకు రెండు చేతుల ముడే వచ్చు. ఒక్క క్షణమే కదా అని వదిలాను. ముడి బ్రహ్మాండంగా పడింది తల్లీ. చెయ్యే మళ్లీ దొరకలేదు."

ఆమె అప్పుడు చెప్పులు విడిచి ఆయన పక్కన కూర్చుంది. "మరి ఇది ఉన్నదున్నట్టు చెప్పొచ్చుగా?"

"నాకు నోరు రాలేదు. సరంగు నోటికైతే ఎంతైనా వస్తుంది. నువ్వు చెప్పు, అడిగారుగా."

ఆమె తిరిగొచ్చేసరికి ప్రిన్సిపాలు పుస్తకం పట్టుకుని వెనక బెంచీలో కూర్చుని ఉన్నాడు. ఆమె మళ్లీ కొంగ దగ్గర్నుంచి మొదలుపెట్టి, తాడు దగ్గర ఆగింది.

"పొద్దున ఓ ప్రశ్న మిగిలింది. సరంగు కుడిచేతిలో తోటి మనిషి చెయ్యి ఉంది. మీరూ జతలుగా నిలబడి కుడిచేతులు పట్టుకోండి. ఆ చెయ్యి వదలకుండా ముడెయ్యాలి."

అందరికీ జత కుదిరింది. అనుమానప్పక్షి ఒక్కతే మిగిలి, నేరుగా వెళ్లి ప్రిన్సిపాలు ముందు చెయ్యి చాచింది. ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని మొహమాటంగా లేచి, ఆ చెయ్యి పట్టుకుని, ఎడమచేత్తో ఆ అమ్మాయి తాడు అందుకున్నాడు. గదంతా గుసగుసలు, మెలికలు, జారిపోయే తాళ్లు. ఎవరూ చెయ్యి మాత్రం వదల్లేదు. ఒంటిచేత్తో రెండుసార్లు తాడు జారాక ప్రిన్సిపాలుకు పౌరుషం వచ్చింది. చటుక్కున కుడిచెయ్యి లాక్కుని, బొమ్మలో ఉన్నట్టే రెండు చేతులా చక్కటి ముడి వేసి తలెత్తాడు.

ఆ అమ్మాయి చెయ్యి ఇంకా అలాగే చాచి ఉంది.

"ముడి బ్రహ్మాండంగా పడింది సార్" అంది టీచరు. "ఆ అమ్మాయే లేదు."

ప్రిన్సిపాలు ఆ ఖాళీ చేతికేసి చూశాడు. తరవాత తన ముడి తనే విప్పుకుని, పుస్తకం బెంచీ మీద పెట్టి, ఆ చెయ్యి మళ్లీ పట్టుకున్నాడు.

"మొదట్నుంచి చెప్పండమ్మా," అన్నాడు, "కొంగ దగ్గర్నుంచి."