ఓడెట్ వదిలేసిన క్లాసులు

రోండా పెల్కీకి ఒకసారి అనుమానం పుట్టిందంటే, అది తేలేదాకా తిండి సయించదు. మార్చిలో ఓ మధ్యాహ్నం, పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్ పని మధ్యలో వదిలేసి, తలనొప్పితో ఇంటికి బయల్దేరింది. బడిలో ఉండాల్సిన కూతురు ఓడెట్ కారు రేవు వైపు తిరుగుతూ కనబడింది. తలనొప్పి ఎటు పోయిందో పోయింది.

సాయంత్రం నిలదీస్తే పిల్ల తొణక్కుండా చెప్పింది.

"కాలేజీలో సీటొచ్చేసిందిగా అమ్మా. కాలిక్యులస్, ఫిజిక్స్ వదిలేశా. స్కూల్లో చివరేడు చాలామంది చేసేదే. పద్దెనిమిది నిండాయి కదా, నా సంతకం చాలన్నారు."

"మరి మధ్యాహ్నాలు ఎక్కడ వెలగబెడుతున్నావు?"

"రేవులో పడవలు కట్టే షెడ్డులో. అక్కడ పడవలు కట్టే ఆమోస్ తాత దగ్గర చెక్కపని నేర్చుకుంటున్నా."

చెక్కపనట! ఎవరి చెవిలో పువ్వులు పెడదామని? అంత చక్కటి క్లాసులు వదిలేసుకుని చెక్కలు చిత్రిక పట్టే పిల్ల ఉంటుందా ఎక్కడైనా? దీని వెనక ఎవడో కుర్రాడుండే ఉంటాడు. మర్నాడు రోండా కారు షెడ్డుకి కాస్త దూరంలో ఆపి తొంగిచూసింది. ముసలాయన కుర్చీలో కాఫీ తాగుతున్నాడు. ఓడెట్ ఒక్కతే వంగి చెక్క పలక నునుపు చేస్తోంది. కుర్రాడెవడూ కనబడలేదు. దాంతో ఆవిడ అనుమానం తగ్గలేదు సరికదా, రెట్టింపైంది. వాణ్ణి ఎక్కడ దాచింది?

అక్కణ్ణించి నేరుగా బడికెళ్ళి, పిల్లల చదువుల సంగతులు చూసే కౌన్సెలర్ హాస్కెల్‌ని పట్టుకుంది.

"ఏం పర్లేదు రోండా గారూ. మిగతా మార్కులన్నీ బాగున్నాయి. కాలేజీవాళ్ళకి ఓ మాట తెలియజేయమని అమ్మాయికి చెప్పాను," అన్నాడాయన నవ్వుతూ.

"తెలియజేసిందా?"

"చేసే ఉంటుంది."

ఉంటుందట! ఆ నవ్వు కూడా రోండాకి నచ్చలేదు. ఈయన, పిల్ల, ఆ ముసలాయన అందరూ కలిసి తనని ఆడిస్తున్నారనిపించింది. కారులో కూర్చుని కాలేజీకే ఫోన్ కొట్టింది. అవతల ఓ తియ్యటి గొంతు పిల్ల పేరడిగింది. రోండా ఆ విసురులో పేరూ చెప్పేసింది, వదిలేసిన క్లాసులూ చెప్పేసింది.

"ఈ సంగతి మాకు తెలియదండీ. చెప్పినందుకు థ్యాంక్స్. ఆ క్లాసులు చూసే సీటిచ్చాం కాబట్టి, మళ్ళీ ఆలోచించాల్సి ఉంటుంది," అంది ఆ గొంతు, అంతే తియ్యగా.

రోండా ఫోన్ పెట్టేసింది. పెల్కీల ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. సీటొచ్చిన రోజునుంచీ ఆ కాలేజీ పేరున్న చొక్కా వేసుకుని ఊరంతా తిరిగింది తనే. ఇప్పుడు తన నోటితోనే పిల్ల సీటు పోగొట్టేలా ఉంది. కూరలు కొనడానికి ఆగి, ఏం కొనాలో తోచక ఉత్త చేతులతో ఇంటికొచ్చింది.

రాత్రి ఇద్దరూ చేపల సూపు ముందు కూర్చున్నాక, ఇక దాచలేక జరిగిందంతా చెప్పేసింది. పిల్ల అరుస్తుందనీ గిన్నె విసిరేస్తుందనీ భయపడింది. ఓడెట్ గట్టిగా ఊపిరి వదిలి, వెనక్కి వాలి, నవ్వింది.

"నవ్వుతావేంటే? సీటు పోయేలా ఉందంటుంటే!"

"పోనీ. అందుకే ఆ క్లాసులు వదిలేశా. వాళ్ళకి రాద్దామని రోజూ కూర్చునేదాన్ని, ధైర్యం చాలేది కాదు. నువ్వు చెప్పేశావు, మంచిదైంది."

రోండా చెంచా పక్కన పెట్టింది.

"వెళ్ళడం ఇష్టం లేదని నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అన్నానమ్మా. దరఖాస్తు పెట్టేటప్పుడు అన్నా. సీటొచ్చిన రోజూ అన్నా. పడవలు కట్టాలనుందన్నా. నా మాట విన్నావా? ఆ మాట నాచేత ఎవడనిపిస్తున్నాడని అడిగావు."

ఓడెట్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోండా ఏదో అనబోయి, పెదాలు బిగించి ఆపుకుంది. ఇప్పుడు కూడా ఆవిడ నోటిదాకా వచ్చింది అదే ప్రశ్న.